తాడు మీద గుర్రాన్ని తిప్పేటప్పుడు తల దించే పట్టీలు కట్టవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది కావలి దగ్గర పల్లె. నాన్నకు రొయ్యల గుంటలున్నాయి, నాకు చిన్నప్పటి నుంచీ గుర్రాలంటే పిచ్చి. ఎనిమిది నెలల కింద ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని కొన్నాను. ఆరేళ్లది, అంతకుముందు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగింది. పేరు చుక్క. ఎక్కితే తల పైకెత్తుకునే నడుస్తుంది, పగ్గం లాగితే ఇంకా ఎత్తుతుంది. వీడియోలు చూసి సైడ్ రెయిన్స్ (కళ్లెం నుంచి రెండు పక్కలా పొట్ట చుట్టూ ఉండే పట్టీకి తగిలించేవి), దాంతోపాటు తొడల వెనక నుంచి తిరిగి నోటికి వచ్చే కప్పీల తాడు సెట్టు ఆన్‌లైన్లో తెప్పించాను. మొదటిరోజే రెండూ కట్టి లాంజింగ్ (పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం) చేయబోతే నాలుగడుగులు వేసి ఆగింది, వెనక్కి నడిచింది, ముందుకాళ్లెత్తి లేచి వెల్లకిలా పడిపోయింది. తాడు నా చేతికి చుట్టుకుని అరచెయ్యి కోసుకుపోయింది. ఇది జరిగి పది రోజులు. దానికి దెబ్బలేమీ కనపడలేదు. ఈ పట్టీలు ఎంత బిగించాలి? రెండిట్లో ఏది ముందు వాడాలి? లేకపోతే దీనికి పొగరా?

సమాధానం:

తమ్ముడూ, పొగరు కాదు. అది భయపడింది, దానికి పోవడానికి దారి లేదు, అందుకని పైకి లేచింది. ఎంత బిగించాలనే సంగతి తర్వాత చూద్దాం, ముందు అది పడిన సంగతి మాట్లాడుకోవాలి.

వెల్లకిలా పడిన గుర్రాన్ని "దెబ్బలేమీ కనపడలేదు" అని వదిలేయొద్దు. మూపు దగ్గర, అంటే మెడ వీపును కలిసే ఎత్తు దగ్గర, వెన్నుపూసల ముళ్లు బాగా పొడవుగా పైకి నిలబడి ఉంటాయి, వెనక్కి పడినప్పుడు ముందు నేలకు తగిలేది అవే, అవి విరిగినా బయటికి ఒక్క చుక్క రక్తం రాదు. చెవుల వెనక భాగం నేలకు కొట్టుకుంటే అది ఇంకా ప్రమాదం. కాబట్టి రేపు పొద్దున్నే మూపు మీద నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కుతూ ముందు నుంచి నడుము దాకా రా. ఎక్కడైనా చర్మం వణికించినా, వీపు కిందికి వంచినా, పక్కకు తప్పుకున్నా, నిన్ను కరవబోయినా అక్కడ నొప్పి ఉన్నట్టే. నేల మీద వేసిన గడ్డి అందుకోవడానికి మెడ పూర్తిగా దించుతోందా, ముక్కులోంచి రక్తం చారలేమైనా కనిపించాయా, మలుపులో వెనక కాళ్లు తూలుతున్నాయా, ఇవన్నీ చూసుకో. అన్నీ బాగున్నట్టే అనిపించినా సరే పశువైద్యుడికి ఒకసారి చూపించు. మీ వైపు డాక్టర్లు బర్రెల్నీ గొర్రెల్నీ చూసినంతగా గుర్రాల్ని చూసి ఉండకపోవచ్చు, ఆయనే అనుమానపడితే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికి తీసుకుపోవడానికి వెనకాడొద్దు. డాక్టరు సరే అనేదాకా దాని వీపు మీద జీను వద్దు, జీను లేకుండా వీపూ పొట్టా చుట్టి కట్టే రోలర్ పట్టీ కూడా వద్దు.

నీ చెయ్యి కూడా చూపించుకో. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావో లేదో రాయలేదు. గుర్రప్పేడ, సాల మట్టి ఉన్నచోట ధనుర్వాతం క్రిములు ఉంటాయి, తెరుచుకున్న గాయంతో సాల ఊడవకూడదు. పనిలో పనిగా చుక్కకు కూడా ఆ టీకా వేయించు, మన ఇళ్లల్లో ఉండే జంతువులన్నిట్లో ధనుర్వాతం అంటే ఎక్కువ భయపడాల్సింది గుర్రానికే.

ఇప్పుడు తల సంగతి. నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట "పెళ్లి ఊరేగింపుల్లో తిరిగింది" అన్నది. బ్యాండు ముందు గుర్రం తల ఎత్తి, మెడ విరిచి, నిలబడ్డ చోటే కాళ్లు ఆడించాలి, అప్పుడే అందం అంటారు. అలా చేయించడానికి చాలాచోట్ల నోట్లో పెట్టేది ముళ్ల కళ్లెం. ముళ్లున్న కళ్లేలు వాడకూడదని బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది, అయినా అవి ఇంకా అమ్ముతున్నారు, వాడుతున్నారు. అలాంటి కళ్లెంతో ఏళ్లు గడిపిన గుర్రానికి నోటి మీద బరువు పడితే నొప్పి వస్తుందని మాత్రమే తెలుసు. తల దించితే బరువు తగ్గుతుందని దానికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పైకెత్తితేనే నొప్పి కాస్త తప్పించుకోవచ్చని తనంతట తాను నేర్చుకుంది. నువ్వు పగ్గం లాగినప్పుడల్లా ఇంకా ఎత్తేది అందుకే.

దాని నోరు తెరిచి చూశావా ఎప్పుడైనా? ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు ఉంటుంది, కళ్లెం కూర్చునేది అక్కడే. పక్క నుంచి బొటనవేలు ఆ ఖాళీలో పెట్టి మెల్లగా తడిమి చూడు. నునుపుగా ఉండాలి. నా దగ్గరికి ఒకసారి ఒక తెల్లగుర్రం వచ్చింది, అదీ పెళ్లిళ్లలో తిరిగిందే. నాలుక పక్కకు తీసి చూస్తే మధ్యలో అడ్డంగా, దారం కట్టి గట్టిగా బిగించి వదిలినట్టు ఒక గాడి, దాని ముందు భాగం కొంచెం నీలంగా. చిగురు మీద శనగ గింజంత గట్టి బొడిపె. కళ్లెం చూపిస్తేనే తల సాల కప్పుకు తగిలేటంత ఎత్తేది. ఆ గుర్రం నోట్లో నేను ఏడు నెలలు ఇనుము పెట్టలేదు. చుక్క నోరు అలా ఉందని నేను అనడం లేదు, చూడమంటున్నాను. అట్లాగే దవడ పళ్ల బయటి అంచులు కత్తిలా సాగి బుగ్గ లోపల కోస్తుంటాయి, వాటిని ఏడాదికోసారి ఆకురాయితో అరగదీయించాలి. మూపు పక్కన, వీపు మీద రూపాయి బిళ్లంత తెల్ల వెంట్రుకల మచ్చలుంటే పాత జీను అక్కడ ఒత్తిందని అర్థం. ఇవన్నీ తేలకుండా తల కిందికి కట్టేస్తే నొప్పిని లోపల పెట్టి కుట్టేసినట్టే.

సరే, ఈ పట్టీలు అసలు ఏం చేస్తాయి? తల ఎక్కడ ఉండాలో ఒక హద్దు పెడతాయి, అంతే. వీపును అవి పని చేయించలేవు. మన ఒంగోలు, అద్దంకి వైపు బండలాగుడు పోటీలు నువ్వు చూసే ఉంటావు. బండ కదిలే క్షణంలో ఆ ఎడ్లను గమనించు. తల దానంతటదే కిందికి వస్తుంది, నడుము గుండ్రంగా లేస్తుంది, వెనక కాళ్లు పొట్ట కిందికి దూరి నేలను తన్ని పట్టుకుంటాయి. వాటి తల ఎవరూ కింద కట్టలేదు. వెనక నుంచి బలం వచ్చింది కాబట్టి తల దిగింది. గుర్రానికీ అదే లెక్క. వెనక కాళ్లు చురుగ్గా కిందికి వస్తే, మనసు నిమ్మళంగా ఉంటే, మెడ దానంతటది సాగి దిగుతుంది. దాన్ని వదిలేసి ముందు నుంచి ముక్కును రొమ్ముకు లాగి కడితే ఫోటోలో వంపు బాగానే కనిపిస్తుంది, కింద వీపు మాత్రం చెక్కలా బిగుసుకుపోయి ఉంటుంది. మెడను బలవంతంగా అలా మడిచి పని చేయించడం ఒప్పుకోబోమని అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య కూడా 2010లో స్పష్టంగా చెప్పింది. మార్వాడీ జాతికి పుట్టుకతోనే మెడ ఎత్తుగా ఉంటుంది, దాని తల నువ్వు వీడియోలో చూసిన జర్మన్ గుర్రం తలంత కిందికి రావాల్సిన పని కూడా లేదు.

నువ్వు కొన్న రెండో సెట్టు, ఆ కప్పీల తాడు, బ్రెజిల్ జంపింగ్ రైడర్ నెల్సన్ పెస్సోవా పేరు మీద అమ్ముడుపోయే రకం. తొడల వెనక ఒక తాడు, అక్కడి నుంచి పక్కల మీదుగా కప్పీల్లోంచి నోటికి. వెనక కాలు కదిలిన ప్రతిసారీ నోట్లో చిన్న లాగుడు ఉంటుంది. అన్నీ తెలిసిన గుర్రానికి, చెయ్యి తిరిగిన మనిషి కొలత చూసి కడితే వేరే విషయం, అయినా నాకు ఇష్టం లేదు, అది నా అభిప్రాయం. చుక్క విషయంలో ఏం జరిగిందో ఊహించు: ముందుకు వెళ్దామంటే నోట్లో లాగుతుంది, ఆగుదామంటే నువ్వు వెనక చెర్నాకోల పట్టుకుని ఉన్నావు, వెనక్కి నడిస్తే తొడల మీద ఎప్పుడూ ఎరగని తాడు పాములా ఒరుసుకుంటోంది, పక్కకు తిరుగుదామంటే రెండు పక్కలా సైడ్ రెయిన్స్. మిగిలింది పైకి లేవడం ఒక్కటే. లేచాక మెడ ముందుకు చాచి నిలదొక్కుకోవాలి కదా, మెడ కట్టేసి ఉంది. అందుకని పడింది. ఆ సెట్టు అటక మీద పెట్టెయ్. ఎవరికీ ఇవ్వొద్దు కూడా, ఇంకో గుర్రం మెడకు చేరుతుంది.

నేను నీకు దూరం నుంచి నీతులు చెప్పడం లేదు. నాకు 22 ఏళ్లప్పుడు చెన్నైలో ఒక గుర్రపుస్వారీ నేర్పే చోట పనిచేసేవాణ్ణి. పేరెందుకు. అక్కడ సమయం కలిసొస్తుందని సాలలోనే సైడ్ రెయిన్స్ తగిలించి గుర్రాన్ని బయటికి తీసుకురమ్మనేవారు. ఒక రోజు అలా తెస్తుంటే గాలికి ఇనుప గేటు ధన్‌మని కొట్టుకుంది. గుర్రం తల ఎత్తింది, నోట్లో గోడ తగిలినట్టయింది, వెనక్కి జరిగింది, సిమెంటు మెట్టు మీద వెనక కాళ్లు జారి కుక్కలా కూలబడింది. తాడు నా అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఉంగరం వేలు చర్మం మొదలంటా లేచిపోయింది, ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. గుర్రం నడుముకు తగిలి నాలుగు నెలలు కుంటింది. నా వేలు కంటే ఆ గుర్రం కళ్లే నాకు ఎక్కువ గుర్తొస్తాయి, ఏం తప్పు చేశానని అన్నట్టు చూసింది. ఆ రోజు నుంచి సాలలో, నడవలో, గేటు దగ్గర, ట్రక్కు దగ్గర ఏ పట్టీ కూడా నోటికి తగిలించింది లేదు. తిప్పే చోటికి వెళ్లి, గుర్రం ఒళ్లు వేడెక్కాకే తగిలిస్తాను, పని కాగానే అక్కడే విప్పేస్తాను. పట్టీ తగిలించిన గుర్రాన్ని గుంజకు కట్టడం, ఎవరికో అప్పజెప్పి ఫోన్ మాట్లాడడానికి పోవడం, ఇవి ఎన్నడూ చేయొద్దు.

డాక్టరు సరే అన్నాక నువ్వు చేయాల్సింది ఇది. కనీసం నాలుగు వారాలు ఒక్క పట్టీ కూడా లేకుండా, ఉత్త తాడు మీద తిప్పు.

తాడు నైలాన్ది వాడుతున్నావేమో, నీ చెయ్యి కోసుకుపోయిందంటే అలాగే అనిపిస్తోంది, నైలాన్ జారితే వాత పెడుతుంది. నవారు తాడు కావాలి. మంచాలకు అల్లే నూలు నవారు ఉంది కదా, అదే రకం, అంగుళం వెడల్పుది, 8 మీటర్లు, ఒక చివర మంచి ఇత్తడి కొక్కెం పెట్టి చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర రెండు వరసలు కుట్టిస్తే పదేళ్లు వస్తుంది. రెండో చివర చెయ్యి దూర్చుకునే ఉంగరం కుట్టించొద్దు, కొన్న తాడుకు అది ఉంటే కత్తిరించెయ్. మిగిలిన తాడును చేతిలో చుట్టలుగా వేసుకోకూడదు, పుస్తకం పేజీల్లా అటూ ఇటూ మడతలు వేసి పిడికిట్లో పట్టుకోవాలి, లాగితే ఒక్కో మడతా జారిపోవాలి గానీ చేతిని బిగించకూడదు. ఇది మన ఎడ్ల రైతులు నడక నేర్చినప్పుడే నేర్చుకునే సంగతి. మా తాత పలుపు చేతికి చుట్టుకున్న పిల్లాణ్ణి చూస్తే చాలు, దూరం నుంచే అరిచేవాడు. గ్లౌజులు వేసుకో, తలకు హెల్మెట్ పెట్టుకో, బైక్ హెల్మెట్ కాదు స్వారీదే, కాళ్లకు బూట్లు, చెప్పులతో వద్దు. జేబులో మడత చాకు ఉండాలి. గుర్రం నిజంగా పరుగు తీస్తే తాడు వదిలెయ్, సిగ్గుపడొద్దు. చుట్టూ కంచె ఉన్న చోట తిప్పమనేది అందుకే.

తాడును కళ్లేనికి తగిలించొద్దు, ముఖ్యంగా కళ్లెం ఒక పక్క నుంచి తల మీదుగా రెండో పక్కకు వేసే పద్ధతి అసలొద్దు, అది నోటిని రెండు పక్కలా నొక్కి పైకి లాగుతుంది. ముక్కు మీద మెత్త పెట్టి మధ్యలో ఉంగరం ఉండే కేవిసన్ అనే తల పట్టీ దొరుకుతుంది, కాన్పూర్‌లో తయారయ్యే సామాన్లలో మనకు అందే ధరలోనే ఉంటుంది. కొలత సరిపోవాలి, చెంప పట్టీ కంట్లోకి జరగకూడదు, ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అది వచ్చేదాకా బాగా సరిపోయిన హాల్టర్‌తో (నోట్లో కళ్లెం లేని మామూలు తల పట్టీ) నడక మాత్రమే చేయించు.

నేల గురించి. మైపాడు వైపో కొత్తపట్నం వైపో బీచికి తీసుకుపోయి తిప్పేవాళ్లను చూశాను, మడమ మునిగే పొడి ఇసుకలో. ఫోటోలకు బాగుంటుంది, కాలి వెనక స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లు, తెగేది అక్కడే. పెన్నా ఇసుకలోనూ అంతే. వరి కోసిన మడి ఎండి నెర్రెలు విచ్చి ఉంటే అదీ వద్దు, గిట్ట ఇరుక్కుంటుంది. రొయ్యల గుంట కట్ట మీద తిప్పాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. మీ వైపు ఎర్ర ఇసుక నేల ఉంటుంది, వేరుశనగ పీకిన చేను లాంటిది, దాన్ని ఒకసారి గుంటక తోలి చదును చేస్తే నాలుగు వేళ్ల మెత్తదనం వస్తుంది, అది చాలు.

గుండ్రం ఎంత? 20 మీటర్ల వెడల్పుకు తగ్గొద్దు. 8 మీటర్ల తాడు పూర్తిగా వదిలి, నువ్వు కూడా మధ్యలో చిన్న గుండ్రంగా నడువు. అంతా కలిపి ఒక చుట్టుకు 60 మీటర్ల పైన వస్తుంది. ఇది ఎందుకంటే, పూర్వం కళ్లంలో వడ్లు తొక్కించేటప్పుడు గుంజ పక్కన నిదానమైన ముసలి ఎద్దునే కట్టేవారు. అక్కడ దూరం తక్కువే, మలుపు మాత్రం మహా గట్టి. చిన్న గుండ్రంలో గుర్రం లోపలికి వాలిపోయి నడుస్తుంది, లోపలి పక్క కీళ్ల మీద ఒరిపిడి ఎక్కువ. 6 మీటర్ల గుండ్రంలో అరగంట ట్రాట్ (నడక కంటే వేగం, దౌడు కంటే నెమ్మది) చేయించి "వ్యాయామం" అంటే కీళ్లు అరిగించినట్టే. 3 నిమిషాలకోసారి దిక్కు మార్చు, మొత్తం 20 నిమిషాలు దాటొద్దు, అందులో మొదటి 5, చివరి 5 నడకే. వారానికి రెండుసార్లు, మహా అయితే మూడు.

నువ్వు నిలబడే చోటు దానికి పొట్టపట్టీ కట్టే చోటికి ఎదురుగా, ఒక అడుగు వెనక్కి. భుజం కంటే ముందుకు పోయావంటే దారికి అడ్డం నిలిచినట్టు, ఆగిపోయి నీ మొహం చూస్తుంది. చెర్నాకోల కొన నేల వైపు, వెనక మోకాళ్ల దిక్కుగా. అది కొట్టడానికి కాదు, నీ చెయ్యి అంత పొడుగు లేదు కాబట్టి పట్టుకున్నావు అనుకో. మాటలు మూడే: నడిపించడానికి ఒకటి, ట్రాట్‌కు ఒకటి, ఆగడానికి పొడుగ్గా సాగదీసిన "హో…" ఒకటి. రాజస్థాన్ నుంచి వచ్చిన గుర్రం కాబట్టి దానికి "చల్" తెలిసి ఉండొచ్చు, తెలిస్తే అదే వాడు, కొత్తది ఎందుకు. కానీ నువ్వు ఒక మాట, గుర్రాన్ని చూసుకునే మీ సాయిసు ఇంకో మాట అంటే అది ఎవరి మాట వినాలి చెప్పు.

ఈ నాలుగు వారాల్లో నువ్వు ఎదురుచూడాల్సిన సంగతి ఒకటుంది. ట్రాట్‌లో ఒక పది చుట్లు తిరిగాక ఏదో ఒక క్షణంలో చుక్క ముక్కుపుటాల్లోంచి ఫుర్రుమని గాలి వదులుతుంది, తోక అటూ ఇటూ మెత్తగా ఊగుతుంది, మెడ ముందుకీ కిందికీ ఒక జానెడు సాగుతుంది. అప్పుడు "శభాష్" అని నడకలోకి దించి ఆ రోజుకు ఆపెయ్. 8 నిమిషాలే అయినా ఆపెయ్. ఏ పట్టీతో నేర్పాలనుకున్నావో అది దానంతటదే నేర్చుకున్న క్షణం అది. చాలా గుర్రాలకు ఆ తర్వాత పట్టీ అవసరమే రాదు.

అవసరం వస్తే, అంటే నిమ్మళంగా తిరుగుతూ కూడా వంకరగా, అటూ ఇటూ మెడ తిప్పుకుంటూ పోతుంటే, అప్పుడు సైడ్ రెయిన్స్ మాత్రమే. నువ్వడిగిన బిగింపు లెక్క ఇక్కడ చెబుతాను. నోరు బాగుందని తేలాక, ముళ్లూ మెలికలూ లేని మామూలు నున్నటి కళ్లెం పెట్టు. మొదటి వారం రోలర్ ఒక్కటే కట్టి తిప్పు, పట్టీలు రోలర్‌కే ముడిచి ఉంచు, నోటికి తగిలించొద్దు. తర్వాత ఒక రోజు, ఒళ్లు వేడెక్కాక, రెండు పక్కలా రంధ్రాలు లెక్కపెట్టి సమానంగా, ఎంత పొడుగు పోతే అంత పొడుగులో తగిలించు. గుర్రం తనకు ఇష్టమైనట్టు తల పెట్టి నిలబడితే పట్టీ కొంచెం వేలాడాలి. దాని నుదుటి నుంచి నేలకు నిలువుగా ఒక గీత ఊహించుకో, ముక్కు ఆ గీతకు బాగా ముందుండాలి. తగిలించగానే నిలబెట్టి చూసుకోవద్దు, వెంటనే ముందుకు నడిపించు, ముందుకు పోతున్న గుర్రం పైకి లేవడం కష్టం. ఒక్క అడుగు వెనక్కి వేసినా, మొరాయించి నిలబడినా చెర్నాకోల ఎత్తకుండా దగ్గరకు వెళ్లి విప్పెయ్. మొదటిరోజు 3 నిమిషాలు. వారానికి ఒక్క రంధ్రం కంటే ఎక్కువ కుదించొద్దు, ముక్కు నిలువు గీత దాటి రొమ్ము వైపు వచ్చిందంటే ఎక్కువైపోయినట్టే, వెనక్కి వదులు చెయ్.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నడకలోనూ క్యాంటర్‌లోనూ (నెమ్మది దౌడు) గుర్రం తల ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆ ఊపు దానికి అవసరం. ట్రాట్‌లోనే తల దాదాపు నిశ్చలంగా ఉంటుంది. కాబట్టి సైడ్ రెయిన్స్ ట్రాట్‌కే, నడకలోకి దించగానే విప్పేయాలి. బద్ధకం వేస్తుంది, ప్రతిసారీ వెళ్లి విప్పాలా అని, అయినా విప్పాలి. పట్టీలు తగిలించి దుంగలు, అడ్డకర్రలు దూకించడం సంగతి చెప్పక్కర్లేదు, మెడ చాచలేక మొహం మీద పడుతుంది.

నేను చేసే ఒక చిన్న పని చెబుతాను. కళ్లెం ఉంగరానికి పట్టీ కొక్కెం నేరుగా తగిలించను. మధ్యలో పురికొసతో చిన్న ముడి వేసి దానికి తగిలిస్తాను, రెండు పక్కలా. నిజంగా గుర్రం భయపడి లాగితే ముందు పురికొస తెగుతుంది, నోరు తెగదు, మెడ విడిపోతుంది. పురికొసను రోలర్ వైపు కట్టొద్దు, అటు తెగితే పట్టీ నోటి నుంచి వేలాడి కాళ్ల కింద పడుతుంది. గట్టి ప్లాస్టిక్ తాడు వాడావంటే అది తెగదు, కట్టి లాభం లేదు, చేత్తో గట్టిగా గుంజితే తెగేదై ఉండాలి.

ఎండ గురించి కూడా, ఎందుకంటే నువ్వు ఉండేది మన జిల్లాలో. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి మొదలయ్యే లోపు, అంటే తెల్లారి 5.30 నుంచి 7 లోపు అయిపోవాలి. సముద్రపు ఉక్క ఉన్న రోజు చెమట ఆరదు, గుర్రం చల్లబడదు. పని అయ్యాక దవడ కింద నాడి చూడడం నేర్చుకో, ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది, పని ఆపిన 10 నిమిషాల్లో 60 కిందికి రాకపోతే ఎక్కువ చేయించావని అర్థం. ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఉండు, వేడి గుర్రానికి చన్నీళ్లు పోయకూడదన్న మాట నమ్మొద్దు. తాగడానికీ అడ్డు చెప్పొద్దు. ఉలవల్లో కాస్త ఉప్పు కలుపు. తిప్పాక ఒళ్లు పొడిగా ఉండి, ముక్కులు మాత్రం ఎగరేస్తోందంటే చెమట పట్టడం ఆగిపోయిందన్న మాట, ఉక్క ప్రాంతాల్లో గుర్రాలకు వచ్చే జబ్బు అది, ఆ రోజే డాక్టర్ని పిలువు.

నాన్నగారితో కూడా మాట్లాడు. ఆయన గుంటల దగ్గర పనివాళ్లలో ఎడ్లు తోలిన పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు, మొదటి వారం ఆయన్ని పక్కన నిలబెట్టుకో, గుర్రం తెలియకపోయినా జంతువు బిగుసుకుంటే నీకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. ఒంటరిగా ఎవరూ లేనప్పుడు మాత్రం తిప్పొద్దు.

నోరు చూశాక ఏం కనిపించిందో నాకు రాయి, వీలైతే ఫోటో పెట్టు. నాలుగు వారాల తర్వాత ఒక నిమిషం వీడియో పంపు, పట్టీలేవీ లేకుండా, ట్రాట్‌లో, రెండు దిక్కులా. పక్క నుంచి తీయి, తల ఒక్కటే కాకుండా వెనక గిట్టలు నేల మీద పడేచోటు కూడా కనపడాలి.